మార్టిన్-బేకర్ ఎజెక్షన్ సీటు: మార్క్ 1 నుంచి తేజస్ దాకా

హకీంపేట చుట్టుపక్కల ఏళ్ల తరబడి తలమీదుగా తిరిగిన కిరణ్ శిక్షణ విమానంలోని సీటూ, తేజస్‌లోని సీటూ ఒకే కంపెనీవి. విమానం కూలబోతుంటే పైలట్‌ను బయటికి విసిరి పారాచూట్‌తో దించే ఎజెక్షన్ సీట్లు చేసే ఆ కంపెనీ పేరు మార్టిన్-బేకర్. ఇంగ్లండులో బకింగ్‌హామ్‌షైర్‌లోని డెన్‌హామ్ దాని ఊరు. నేటికీ మార్టిన్ కుటుంబం చేతిలోనే ఉంది. మన వాయుసేనలో హంటర్, జాగ్వార్, మిరాజ్ 2000, హాక్, రఫేల్ అన్నిటిలోనూ దీని సీట్లే. మిగ్‌లు, సుఖోయ్‌లు మాత్రం రష్యా సీట్లతో వస్తాయి. 2019లో అభినందన్ మిగ్-21 నుంచి బయటపడిన సీటు కూడా రష్యాదే. తమ సీట్ల వల్ల 7,700 మందికి పైగా బతికారని మార్టిన్-బేకర్ లెక్క చెబుతుంది. ఇంకే కంపెనీ లెక్కా దీని దరిదాపుల్లో లేదు.

ఈ సీటు మంచిచెడ్డలు తేల్చడానికి వేగం, బరువు, ఎత్తు పట్టికలు చాలా ఉన్నాయి. అన్నిటికంటే పనికొచ్చే కొలత ఒకటుంది: హ్యాండిల్ లాగాక పైలట్ ఇంకా ఎన్ని పనులు చేయాల్సి వస్తుంది? తొలి రకమైన మార్క్ 1లో అవి చాలానే ఉండేవి. ఇవాళ్టి మార్క్ 16లో ఒక్కటీ లేదు. మధ్యలో గడిచిన కంపెనీ చరిత్రంతా ఆ పనులను ఒక్కొక్కటిగా పైలట్ చేతుల్లోంచి తీసేసిన చరిత్రే. హ్యాండిల్ లాగకముందు చేయాల్సిన పనులు మాత్రం అలాగే మిగిలాయి. పొరపాట్లు జరిగేది కూడా అక్కడే.

కంపెనీ పుట్టింది సీట్ల కోసం కాదు. ఐర్లండులోని కౌంటీ డౌన్‌లో 1893లో పుట్టిన జేమ్స్ మార్టిన్ 1929లో డెన్‌హామ్‌లో విమానాల కార్ఖానా పెట్టాడు. 1934లో కెప్టెన్ వాలెంటైన్ బేకర్ జతకలిశాక ఇద్దరి పేర్లూ కలిపి కంపెనీ అయింది. ఎంబీ1, ఎంబీ2, ఎంబీ3, ఎంబీ5 అని నాలుగు విమానాలు కట్టారు. వాటిలో ఒక్కటీ ఉత్పత్తికి నోచుకోలేదు. 1942 సెప్టెంబరు 12న ఎంబీ3 ఇంజన్ ఆగిపోయి, దాన్ని నడుపుతున్న బేకర్ చనిపోయాడు. మార్టిన్ ఆలోచనలు పైలట్ ప్రాణం వైపు మళ్లడానికి స్నేహితుడి చావే కారణమని కంపెనీ చరిత్ర రాసినవాళ్లంతా చెప్పే మాట.

యుద్ధకాలంలో కంపెనీని నిలబెట్టినవి విడిభాగాలే. స్పిట్‌ఫైర్ కాక్‌పిట్ మీది గాజు కప్పును ఒక్క లాగుతో ఊడగొట్టే యంత్రాంగం వాటిలో ఒకటి. శత్రు బెలూన్ల ఉక్కు తీగలను తెంచే కట్టర్ ఇంకొకటి. బాంబర్ రెక్క అంచున బిగించిన ఆ కట్టర్‌కు తీగ తగలగానే చిన్న కార్ట్రిడ్జి పేలి ఉలిని ముందుకు కొట్టేది, తీగ తెగిపోయేది. పేలుడు శక్తిని గుప్పెడంత ఉక్కు గొట్టంలో బంధించి, అనుకున్న క్షణానికి అనుకున్నంత తోపు రాబట్టే పనితనం కంపెనీకి ఇక్కడే అబ్బింది. ఎజెక్షన్ సీటు గుండెకాయ సరిగ్గా అదే.

1944లో బ్రిటన్ విమాన ఉత్పత్తి శాఖ మార్టిన్‌ను పిలిచి, వేగంగా పోయే విమానం నుంచి పైలట్ బయటపడే దారి చూడమంది. పైలట్‌ను సీటుతో సహా విసిరేయడం అప్పటికే జర్మనీలో ఉంది. 1942 జనవరి 13న హైంకెల్ 280 నుంచి ఒక టెస్ట్ పైలట్ గాలి ఒత్తిడితో పనిచేసే సీటు మీద బయటపడ్డాడు. స్వీడన్‌లో సాబ్ వాళ్లూ ఆ పనిలోనే ఉన్నారు. మార్టిన్ మొదట గీసింది మాత్రం సీటు కాదు. విమానం వీపు మీద పడుకోబెట్టిన పొడవాటి చేయి ఒకటి, బలమైన స్ప్రింగుతో లేచి, పైలట్ పారాచూట్ పట్టీలకు తగిలించిన కొక్కేన్ని పట్టుకుని అతన్ని బయటికి గిరాటు వేయాలి. నమూనా కూడా చేశాడు. దాన్ని పక్కనపెట్టి, సీటు వెనక తుపాకీ గొట్టం పెట్టి పేల్చే పద్ధతికి వచ్చాడు.

1945 జనవరి 20న డెన్‌హామ్‌లో 16 అడుగుల ఇనుప చట్రం మీద బొమ్మతో తొలి పరీక్ష జరిగింది. నాలుగు రోజులకే, 24న, కంపెనీ ఫిట్టర్ బెర్నార్డ్ లించ్ ఆ సీట్లో కూర్చున్నాడు. తొలి దెబ్బకు 4 అడుగుల 8 అంగుళాలు లేచాడు. పేలుడు పెంచుకుంటూ పోయి 10 అడుగులకు చేరేసరికి ఒంటికి ఇబ్బంది మొదలైందన్నాడు. ఆ తర్వాత సరదాపడి కూర్చున్న ఒక పత్రికా విలేఖరికి వెన్నుపూస చిట్లింది. కంపెనీకి అన్నిటికంటే విలువైన పాఠం అక్కడ దొరికింది. వెన్నును విరిచేది ఎంత తోపు అన్నది ఒక్కటే కాదు, ఆ తోపు ఎంత వేగంగా పెరిగిందన్నది కూడా. తోపు 21 జీ (అంటే ఒంటి బరువుకు 21 రెట్లు) దాటకూడదు, ఆ గరిష్ఠం సెకనులో పదో వంతుకు మించి నిలవకూడదు, తోపు పెరిగే రేటు సెకనుకు 300 జీ మించకూడదు, వెన్ను నిటారుగా ఉండాలి అని తేల్చారు. ఒకే కార్ట్రిడ్జి బదులు మెల్లగా మొదలుపెట్టే ఒకటీ, గొట్టం సాగుతున్న కొద్దీ అంటుకునే మరికొన్నీ అమర్చడం ఈ లెక్కలోంచే వచ్చింది. నేటి సీటు తుపాకీలోనూ ప్రధాన కార్ట్రిడ్జి, ద్వితీయ కార్ట్రిడ్జిలు అన్న విభజన అదే.

1946 జూలై 24న లించ్ గ్లాస్టర్ మీటియర్ అనే జెట్ విమానం నుంచి 8,000 అడుగుల ఎత్తులో, గంటకు 320 మైళ్ల వేగంలో ఎగిరి ఇంగ్లండులోని చాల్‌గ్రోవ్ విమాన స్థావరంలో క్షేమంగా దిగాడు. ఇక మార్క్ 1 విమానాల్లోకి వచ్చింది.

ఆ మార్క్ 1లో పైలట్ చేయాల్సిన పనులు చూడండి. కప్పు ఊడగొట్టాలి. తలపైన ఉన్న హ్యాండిల్‌ను రెండు చేతులతో ముఖం మీదికి లాగాలి. దానికి కుట్టిన గుడ్డ తెర ముఖాన్ని గాలి దెబ్బనుంచి కాపాడుతుంది, చేతులు అలా పైకి పోవడంతో వెన్ను నిటారుగా నిలుస్తుంది. ఇంతవరకు బ్రహ్మాండమైన ఆలోచన. సీటు బయటికి వచ్చాక మాత్రం, గాల్లో ఊగుతూ, తనే పట్టీలు విప్పుకోవాలి, సీటును తన్నేసి విడిపోవాలి, పారాచూట్ తాడు లాగాలి. 1949 మే 30న టెస్ట్ పైలట్ జో లాంకాస్టర్ ఏడబ్ల్యూ 52 అనే తోకలేని విమానం నుంచి సరిగ్గా ఇవన్నీ చేసి బతికాడు. నిజమైన ప్రమాదంలో మార్టిన్-బేకర్ సీటు వాడిన తొలి మనిషి ఆయనే. నిండు నూరేళ్లు బతికి 2019లో పోయాడు. స్పృహ తప్పినవాడో, చెయ్యి విరిగినవాడో, నేలకు దగ్గర్లో ఉన్నవాడో అయితే మార్క్ 1 అతన్ని కాపాడలేదు.

మార్క్ 2 ఆ పనులన్నీ తీసేసుకుంది. సీటు బయటికి రాగానే చిన్న తుపాకీ ఒకటి డ్రోగ్‌ను, అంటే సీటును గాల్లో నిలకడగా పట్టుకునే బుల్లి పారాచూట్‌ను, బయటికి కొడుతుంది. గడియారం లాంటి యంత్రం ఐదు సెకన్లు లెక్కపెట్టి పట్టీలు విప్పి అసలు పారాచూట్ తెరిపిస్తుంది. 10,000 అడుగుల పైన ఉంటే గాలి ఒత్తిడిని చూసే బారోస్టాట్ ఆ గడియారాన్ని ఆపి ఉంచుతుంది. అంత ఎత్తులో పారాచూట్ తెరిస్తే చలికి, ఆక్సిజన్ లేక మనిషి పోతాడు మరి. ఈ ఒక్క మార్పే కంపెనీని నిలబెట్టిందని నా లెక్క. తర్వాతి పెద్ద అడుగులన్నీ దీని మీద కట్టినవే.

మార్క్ 3లో తుపాకీ తోపు సెకనుకు 80 అడుగుల వేగం ఇచ్చేలా పెరిగింది. 72 అంగుళాల గొట్టం పొడవులోనే అంత వేగం రావాలంటే సగటు తోపు 16–17 జీ ఉండాలి. వెన్ను ఓర్చుకునే హద్దుకు అది చాలా దగ్గర. ఆ వేగంతో పైకి విసిరితే గాలి నిరోధం వదిలేసినా వంద అడుగులకు మించి లేవరు. 1955 సెప్టెంబరు 3న స్క్వాడ్రన్ లీడర్ జాన్ ఫైఫీల్డ్ చాల్‌గ్రోవ్ రన్‌వే మీద పరిగెత్తుతున్న మీటియర్ నుంచి గంటకు 120 మైళ్ల వేగంలో ఎగిరి క్షేమంగా దిగాడు. ఎత్తు లేకున్నా వేగం ఉంటే బతకొచ్చని అది రుజువు. కిరణ్‌లోని మార్క్ 4 రకం కూడా ఇదే కోవ: నేలమీదైనా పనిచేస్తుంది, కానీ కనీసం 90 నాట్ల వేగం ఉండాలి. ఆగి ఉన్న కిరణ్‌లో హ్యాండిల్ లాగితే పారాచూట్ నిండదు.

వేగం కూడా లేని చోటికి వెళ్లాలంటే తుపాకీని ఇంకా బలంగా పేల్చే దారి మూసుకుపోయింది. అందుకే సీటు కింద రాకెట్ వచ్చింది. తుపాకీ గొట్టం చివరికి రాగానే అంటుకుని, తక్కువ తోపును ఎక్కువసేపు ఇస్తుంది. వెన్ను మీద అదనపు భారం పడకుండానే ఎత్తు రెండు మూడు రెట్లవుతుంది. 1961లో డాడీ హే (Doddy Hay) అనే పరీక్షకుడు ఆగి ఉన్న సీటు నుంచి ఎగిరాడు. అలా 'జీరో-జీరో' అన్న మాట పుట్టింది: సున్నా ఎత్తు, సున్నా వేగం.

ఈ మాటను చాలామంది తప్పుగా అర్థం చేసుకుంటారు. జీరో-జీరో అంటే ఎప్పుడు లాగినా బతుకుతారని కాదు. విమానం కదలకుండా, సమంగా ఉన్నప్పుడన్న మాట. నిమిషానికి 6,000 అడుగుల చొప్పున పడిపోతున్న విమానం సెకనుకు 100 అడుగులు దిగుతుంది. తుపాకీ పైకిచ్చే 80 అడుగుల వేగం ఆ పతనంలోనే కరిగిపోతుంది, రాకెట్ మిగతా పని చేసేలోపే ఎత్తు అయిపోతుంది. పక్కకు ఒరిగినా, తలకిందులైనా ఇంకా దారుణం. విమానం చేతి పుస్తకంలో దిగే వేగానికి, కోణానికి కనీస ఎత్తుల పట్టిక ఉండేది ఇందుకే. సీటు ఎంత గొప్పదైనా నిర్ణయం ఆలస్యమైతే చేసేదేమీ లేదు.

హాక్‌లోని మార్క్ 10 ఎలా పనిచేస్తుందో చూస్తే మిగతావీ అర్థమవుతాయి. తొడల మధ్య హ్యాండిల్ లాగగానే కార్ట్రిడ్జి వాయువు గొట్టాల్లోంచి పరిగెడుతుంది. భుజాల పట్టీలను ఒక యంత్రం వెనక్కి లాగి వీపును సీటుకు అదుముతుంది. కప్పు గాజుకు అంటించిన సన్నని పేలుడు తాడు పేలి గాజును ముక్కలు చేస్తుంది. తుపాకీ సీటును పట్టాల వెంట పైకి తోస్తుంది. సీటు లేస్తుంటే పిక్కల పట్టీల్లోంచి పోయే తాళ్లు కాళ్లను సీటు అంచుకు బిగించి, ఆపైన నేల దగ్గర తెగిపోతాయి. రాకెట్ అంటుకుంటుంది. అర సెకనుకు డ్రోగ్ తుపాకీ పేలుతుంది. ఒకటిన్నర సెకన్లకు సీటు పైనున్న కత్తెర లాంటి కొక్కెం విచ్చుకుంటుంది. అది వదిలేసిన డ్రోగ్ తలవెనక పెట్టెలోంచి అసలు పారాచూట్‌ను లాగుతుంది, పట్టీలు విడిపోతాయి, సీటు కిందికి రాలిపోతుంది. రెండు మూడు సెకన్ల వ్యవహారం. మార్క్ 16లో రెండు తుపాకీ గొట్టాలే సీటు వెన్నెముకగా కూడా పనిచేస్తాయి, అందువల్ల బరువు తగ్గింది. తేజస్ సీటు ఈ జాతిదే. 2024 మార్చి 12న జైసల్మేర్ దగ్గర కూలిన తేజస్ నుంచి పైలట్ క్షేమంగా బయటపడ్డాడు. ఆ విమానం నుంచి తొలి ఎజెక్షన్ అదే.

హ్యాండిల్ లాగకముందు మిగిలిన పనుల్లో ఎక్కడ తేడా వస్తుందో చెప్పాలి. నడుము పట్టీలు ముందు బిగించాలి, భుజాలవి తర్వాత. క్రమం తిరగబడితే భుజాల పట్టీలు నడుము పట్టీని పైకి గుంజుతాయి. నడుము దగ్గర వదులుంటే సీటు ముందు కదిలి, ఆ తర్వాత వచ్చి ఒంటిని గుద్దుతుంది. వెన్నుపూసలు నలిగేది అప్పుడే. తల ముందుకు వాలి ఉన్నా అంతే, ఛాతీ-నడుము కలిసే చోటి పూసలకు దెబ్బ. పిక్కల పట్టీల్లో తాడు దూర్చడం మరిచిపోతే వేగంలో కాళ్లు గాలికి విసిరికొట్టుకుని మోకాళ్లు పోతాయి. నేలమీద ఉన్నంతసేపు ఎర్ర గుడ్డ వేలాడే సేఫ్టీ పిన్ను హ్యాండిల్‌లో ఉండాలి. పిన్ను ఉందా లేదా అని మాత్రమే చూసి ఊరుకోకూడదు. హ్యాండిల్ పూర్తిగా కిందికి కూర్చుందో లేదో చేత్తో తడిమి చూడాలి.

అలా తడిమి చూడటం ఎందుకో 2011 నవంబరు 8న ఇంగ్లండులోని స్కాంప్టన్ స్థావరంలో జరిగినది చెబుతుంది. బ్రిటన్ వాయుసేన విన్యాసాల బృందమైన రెడ్ యారోస్ దళానికి చెందిన హాక్ నేలమీద ఆగి ఉండగా మార్క్ 10 సీటు పేలింది, పారాచూట్ తెరుచుకోలేదు, పైలట్ చనిపోయాడు. రెండు తప్పులు కలిశాయి. మొదటిది, అంతకుముందు హ్యాండిల్ సందులోంచి పోయిన పట్టీ ఒకటి దాన్ని కొద్దిగా పైకి లేపింది. అలా లేచిన స్థితిలోనూ సేఫ్టీ పిన్ను రంధ్రంలోకి దూరింది, చూసినవాళ్లకు అంతా భద్రంగానే కనిపించింది. రెండోది, కత్తెర కొక్కెం దగ్గరి బోల్టుకు నట్టు అతిగా బిగించారు. కొక్కెం దవడలు డ్రోగ్‌ను కలిపే షాకిల్ అనే లోహపు కొలికిని నొక్కి పట్టుకున్నాయి. గాల్లో వేగంగా పోతుంటే డ్రోగ్ లాగే బలం ఎక్కువ. ఆగి ఉన్న విమానం నుంచి ఎగిరినప్పుడు ఆ బలం చాలా తక్కువ, చిన్న ఒరిపిడి కూడా దాన్ని ఆపేస్తుంది. జీరో-జీరో అన్న హామీ ఒక్క నట్టు దగ్గర తప్పింది.

నన్ను ఎక్కువ బాధపెట్టేది ఆ నట్టు కాదు. అతిగా బిగిస్తే ఇలా జరగొచ్చని కంపెనీకి ఏళ్ల ముందే తెలుసని, కొన్ని దేశాల వాళ్లకు చెప్పి బ్రిటన్ వాయుసేనకు చెప్పలేదని కోర్టులో తేలింది. కంపెనీ నేరం ఒప్పుకుంది. 2018 ఫిబ్రవరిలో లింకన్ క్రౌన్ కోర్టు 11 లక్షల పౌండ్ల జరిమానా వేసింది. ఇన్ని వేల ప్రాణాలు నిలబెట్టిన కంపెనీ ఒక హెచ్చరిక లేఖ పంపడం దగ్గర తప్పడం చిన్న విషయం కాదు.

అమెరికా యుద్ధవిమానం ఎఫ్-35లోని మార్టిన్-బేకర్ సీటులోనూ రెండు చిక్కులు వచ్చాయి. 2015లో 136 పౌండ్ల, అంటే సుమారు 62 కిలోల, లోపు బరువున్న పైలట్లను ఆ విమానం నడపనివ్వలేదు. బరువైన హెల్మెట్‌తో తేలికపాటి మనిషి ఎగిరినప్పుడు మెడకు ప్రమాదమని పరీక్షల్లో తేలింది. తేలికైన హెల్మెట్, పారాచూట్ తెరుచుకోవడాన్ని కాస్త ఆలస్యం చేసే స్విచ్చి, తలకు ఆసరా ఇచ్చే గుడ్డ పలక పెట్టాక 2017లో ఆంక్ష ఎత్తేశారు. సీటు ఎంచుకునేటప్పుడు సన్నటివాళ్లను, ఆడవాళ్లను కూడా లెక్కలోకి తీసుకోవాలని దీంతో తెలిసొచ్చింది. మన శిక్షణ కేంద్రాల్లోనూ ఇప్పుడు అమ్మాయిలు ఫైటర్లు నడుపుతున్నారు కనుక ఇది మనకూ వర్తించే మాటే. 2022లో ఇంకొకటి: కొన్ని కార్ట్రిడ్జిల్లో పేలుడు పొడి సరిగా నింపలేదని తనిఖీలో బయటపడి, జూలైలో అమెరికాలో ఎఫ్-35లను కొన్నాళ్లు నిలిపి అన్నీ పరిశీలించారు. కార్ట్రిడ్జికి తయారీ తేదీ, సీట్లో పెట్టిన తేదీ రెండిటి నుంచీ ఆయుష్షు లెక్క ఉంటుంది. ఏది ముందు ముగిస్తే అప్పుడు మార్చాల్సిందే. సీటు కొనేవాళ్లు ధరతో పాటు ఈ మార్పిడి ఖర్చునూ, సరఫరా ఆలస్యమైతే విమానాలు నేలమీద ఉండిపోయే నష్టాన్నీ ముందే లెక్క వేసుకోవాలి.

రష్యా కె-36తో పోల్చి అడుగుతారు. 1989 పారిస్ ప్రదర్శనలో నేలకు అతి దగ్గరగా పడిపోతున్న మిగ్-29 నుంచి పైలట్‌ను కాపాడిన సీటు అది. వెనక్కి చాచుకునే రెండు కడ్డీలతో సీటును నిలకడగా పట్టుకోవడంలో, చాలా ఎక్కువ వేగాల్లో ఛాతీని గాలి దెబ్బనుంచి కాపాడటంలో కె-36 మెరుగని నా అభిప్రాయం. మార్టిన్-బేకర్ బలం ఇంకోచోట ఉంది: చిన్న శిక్షణ విమానం నుంచి ఎఫ్-35 దాకా దేనికైనా అమరే రకాలు, ఏడు దశాబ్దాలకు పైగా పోగేసిన నిజమైన ఎజెక్షన్ల సమాచారం, పరీక్షల మీద పట్టుదల. ఉత్తర ఐర్లండులోని లాంగ్‌ఫర్డ్ లాడ్జ్‌లో 6,200 అడుగుల రాకెట్ పట్టాలు కంపెనీకి సొంతంగా ఉన్నాయి. గాల్లో పరీక్షలకు పాత మీటియర్‌లనే ఇన్నేళ్లూ పోషించింది. మన దగ్గర చండీగఢ్‌లోని డీఆర్‌డీఓ ప్రయోగశాలకూ అలాంటి రాకెట్ పట్టాలున్నాయి. తేజస్ కప్పును పేల్చే ఏర్పాటు కూడా డీఆర్‌డీఓ చేసిందే. సీటు మాత్రం ఇంకా డెన్‌హామ్ నుంచే రావాలి.

మొత్తం మీద పనితనానికి ఐదుకు నాలుగున్నర ఇస్తాను. సమాచారం పంచుకోవడానికి రెండున్నరే. ఈ సీటు కొనే ఏ వాయుసేన అయినా ఒప్పందంలో ఒక వాక్యం రాయించుకోవాలి: ఒక దేశానికి పంపిన ప్రతి సాంకేతిక హెచ్చరికా అదే వారంలో ఆ రకం సీటు వాడే అన్ని దేశాలకూ అందాలి, అందినట్టు సంతకం తిరిగి రావాలి.